లూజైన చార్జింగ్ పిన్ను

చార్జర్ పెట్టగానే లైటు వెలుగుతుంది. ల్యాప్‌టాప్‌ను కాస్త జరిపితే ఆరిపోతుంది. వైరును పైకెత్తి పట్టుకుంటే మళ్ళీ వెలుగుతుంది. ఆ కోణం ఒకటి దొరికాక ఇంట్లో ఎవరూ దాన్ని కదపరు. వైరు కింద నోటుపుస్తకం మడిచి పెడతారు, ప్లగ్గును టేపుతో అంటిస్తారు, రబ్బరు బ్యాండు వేసి బిగించి కడతారు. అమ్మాయి పరీక్ష దరఖాస్తు నింపుతుంటే తమ్ముడు వైరు పట్టుకుని పక్కనే కూర్చునే ఇళ్ళు కూడా ఉన్నాయి. కొన్నాళ్ళకు ఆ కోణం కూడా పనిచేయడం మానేస్తుంది. బ్యాటరీలో మిగిలిన కాస్త శక్తీ అయిపోతుంది. ఇక ల్యాప్‌టాప్ బీరువా మీదకి చేరుతుంది, లేదంటే పాత ఇనుప సామాన్లు కొనేవాడి బండిలోకి వెళ్తుంది.

అందులో ప్రాసెసర్ బాగానే ఉంది. మెమరీ బాగుంది, డిస్కు బాగుంది, తెర బాగుంది. పాడైంది మాత్రం కరెంటు లోపలికి వెళ్ళే దారి దగ్గరున్న చిన్న సాకెట్టు. షాపుల్లో దాన్ని డీసీ జాక్ అంటారు, జనం చార్జింగ్ పిన్ను అంటారు. కొత్తది కొంటే సాధారణంగా కొన్ని వందల రూపాయల్లో వస్తుంది. ఈ చిన్న భాగం పోయినందుకు అంత పెద్ద యంత్రాన్ని పారేయనక్కరలేదనీ, ఓపిగ్గా విప్పితే దీన్ని మార్చవచ్చుననీ చెప్పడానికే ఈ ప్రసంగం. మీరే మార్చుకున్నా, మెకానిక్ చేత మార్పించినా లోపల జరిగే పనేమిటో తెలిసి ఉండటం మంచిది. పాలిటెక్నిక్ ఎలక్ట్రానిక్స్ ల్యాబులో విద్యార్థులు తెచ్చే ల్యాప్‌టాప్‌లను చాలా ఏళ్ళుగా విప్పుతున్న అనుభవంతో ఈ మాటలు చెబుతున్నాను.

ముందు ఆ పిన్ను ఎలా పనిచేస్తుందో చూద్దాం. మన గోడ ప్లగ్గులో వచ్చేది 230 వోల్టుల ఏసీ. అడాప్టర్ దాన్ని 19 వోల్టులో, 19.5 వోల్టులో, 20 వోల్టులో ఉండే డీసీగా మార్చి పంపుతుంది. 19 వోల్టుల, 65 వాట్ల అడాప్టర్ అయితే దాని మీద 3.42 యాంపియర్లు అని రాసి ఉంటుంది. ఆ కరెంటంతా జాక్ మధ్యలోని సన్నని కడ్డీ గుండా, పక్కనున్న రేకు గుండా ప్రవహించాలి. గుండ్రని జాకుల్లో ఎక్కువ భాగం మధ్య కడ్డీ పాజిటివ్, చుట్టూ ఉండే రేకు నెగటివ్. రేకు స్ప్రింగులా వంగి ప్లగ్గును గట్టిగా పట్టుకుంటుంది. ఆ పట్టు ఉన్నంతకాలం ఏ ఇబ్బందీ రాదు.

పట్టు సడలిందంటే ఏం జరుగుతుందో చిన్న లెక్క వేసి చూడవచ్చు. వదులైన చోట అర ఓమ్ నిరోధం ఏర్పడిందనుకుందాం. కరెంటును కరెంటుతో హెచ్చించి, వచ్చినదాన్ని నిరోధంతో హెచ్చిస్తే అక్కడ పుట్టే వేడి వస్తుంది. 3.42ను 3.42తో హెచ్చిస్తే దాదాపు 11.7. అందులో సగం, అంటే సుమారు 6 వాట్లు. ఎలక్ట్రానిక్స్ పనికి వాడే చిన్న సోల్డరింగ్ ఐరన్ 25 వాట్లది. అందులో దాదాపు నాలుగో వంతు వేడి ఆ చిన్న సాకెట్టులో, ప్లాస్టిక్ గోడల మధ్య పుడుతుందన్నమాట. ప్లాస్టిక్ మెత్తబడుతుంది, రేకు తన బిగువు కోల్పోతుంది, పట్టు ఇంకా సడలుతుంది. ప్లగ్గు ఊగినప్పుడల్లా లోపల చిన్న నిప్పురవ్వ లేచి లోహం మీద నల్లటి మసి పేరుకుంటుంది. మసితో నిరోధం పెరుగుతుంది, నిరోధంతో వేడి పెరుగుతుంది. అందుకే ఈ జబ్బు ఒకసారి మొదలయ్యాక దానంతట అది తగ్గదు. టేపు వేసి నెట్టుకొచ్చిన ప్రతి రోజూ లోపల కాలుతూనే ఉంటుంది. ప్లగ్గు పట్టుకుంటే చెయ్యి చురుక్కుమంటోందంటే ఆ రోజే వాడకం ఆపేయాలి.

మొదట ఎందుకు వదులవుతుందంటారా? చార్జర్ పెట్టి ఉండగానే మంచం మీద, ఒళ్ళో పెట్టుకుని వాడతాం. ప్లగ్గు ల్యాప్‌టాప్ నుంచి బయటికి పొడుచుకొచ్చి ఉంటుంది. దాని కొస పరుపుకో మోకాలికో ఆనిందంటే పడే ఒత్తిడంతా లోపలి కొసకు అనేక రెట్లు పెరిగి చేరుతుంది. నడుస్తూ ఎవరైనా వైరు తన్నుకున్నా అంతే. జాకును లోపలి మదర్‌బోర్డుకు పట్టి ఉంచేది కాస్త సోల్డరు, అంటే కరిగించి అతికిన లోహం మాత్రమే అయినప్పుడు, ఆ సోల్డరు చుట్టూ కంటికి కనపడనంత సన్నని పగులు వస్తుంది. బయటికి జాకు గట్టిగానే ఉన్నట్టుంటుంది, లోపల మాత్రం సంబంధం తెగిపోతూ అతుక్కుంటూ ఉంటుంది.

ఇక్కడ ఒక్క మాట గట్టిగా చెప్పాలి. స్క్రూడ్రైవర్ తీయకముందే తప్పు నిజంగా జాకుదేనా అని తేల్చుకోండి. వైరు ప్లగ్గులోకి దూరే చోట, రబ్బరు మెడ దగ్గర, లోపలి పోగులు తెగిపోవడం చాలా మామూలు. దానికీ లక్షణాలు ఇవే, కదిపితే వెలగడం, వదిలితే ఆరడం. అందుకని ప్లగ్గును జాకులో కదలకుండా పట్టుకుని, వైరును మాత్రమే వంచి చూడండి. లైటు ఆరితే తప్పు వైరుది. వైరును కదలనివ్వకుండా ప్లగ్గును మాత్రమే కదిపినప్పుడు ఆరితే జాకును అనుమానించాలి. అదే రకం చార్జర్ ఉన్న స్నేహితుణ్ణి అడిగి ఒకసారి పెట్టి చూస్తే సగం అనుమానం తీరిపోతుంది. అయితే వోల్టేజి రెండిటికీ ఒకటే ఉండాలి, యాంపియర్లు మీదానికంటే తక్కువ ఉండకూడదు, ప్లగ్గు సైజు సరిగ్గా సరిపోవాలి. బయటి కొలత ఒకటే అయినా లోపలి రంధ్రం తేడా ఉండే ప్లగ్గులు బజారులో బోలెడున్నాయి. 5.5 మిల్లీమీటర్ల ప్లగ్గుల్లోనే లోపలి రంధ్రం 1.7, 2.1, 2.5 ఉన్నవి దొరుకుతాయి. సరిపోని ప్లగ్గు దూర్చి బాగున్న జాకును కూడా వదులు చేసుకున్నవాళ్ళున్నారు.

మల్టీమీటర్ ఉంటే దాన్ని అడాప్టర్ మీది అంకె కంటే ఎక్కువ ఉండే డీసీ వోల్టేజి శ్రేణికి తిప్పి, ఎర్ర తీగను ప్లగ్గు రంధ్రంలో, నల్ల తీగను బయటి లోహానికి ఆనించి చూడండి. అడాప్టర్ మీద రాసిన అంకెకు దగ్గరగా రావాలి. వైరును వంచుతూ చూస్తే అంకె పడిపోతుందా లేదా అన్నది తెలుస్తుంది. ఒక్క పోగు మిగిలినా మీటరు మాత్రం పూర్తి వోల్టేజి చూపిస్తుందని గుర్తుంచుకోండి. కాబట్టి మీటరు బాగుందని చెప్పినంతలో అడాప్టర్‌కు నిర్దోషి అని తీర్పు ఇచ్చేయకూడదు. అడాప్టర్ డబ్బాను మాత్రం ఇంట్లో ఎవరూ విప్పవద్దు. దానిలోని కెపాసిటర్‌లో సుమారు 325 వోల్టుల డీసీ నిలవ ఉంటుంది. ప్లగ్గు పీకేశాక కూడా కాసేపు ఉండొచ్చు. అది ప్రాణం మీదకి తెస్తుంది.

డెల్, హెచ్‌పీ వాడిన 7.4 మిల్లీమీటర్ల లావు ప్లగ్గుల సంగతి వేరు. వాటి నట్టనడుమ సూది లాంటి కడ్డీ ఒకటి ఉంటుంది. కరెంటు దాని గుండా పోదు. ఈ అడాప్టర్ ఎన్ని వాట్లదో ల్యాప్‌టాప్‌కు చెప్పేది ఆ సూదే. అది వంగినా విరిగినా ల్యాప్‌టాప్ నడుస్తుంది కానీ బ్యాటరీ ఎక్కదు, పని కూడా మందగిస్తుంది. డెల్ అయితే అడాప్టర్ రకం తెలియడం లేదని తెర మీద రాసి మరీ చూపిస్తుంది. బ్యాటరీ పోయిందనుకుని కొత్త బ్యాటరీ కొనేవాళ్ళు ముందు టార్చిలైటు వేసి ఆ సూదిని చూడాలి.

జాకే పోయిందని తేలింది. ఇప్పుడు అది బోర్డుకు ఎలా తగిలించి ఉందన్నదే అసలు ప్రశ్న. పని తేలికో కష్టమో దీన్ని బట్టే ఉంటుంది. కొన్నిటిలో జాకుకు పొట్టి వైరు, దాని చివర చిన్న కనెక్టరు ఉంటాయి. జాకు ల్యాప్‌టాప్ అంచున ప్లాస్టిక్ గాడిలో కూర్చుంటుంది, వైరు బోర్డు మీద ప్లగ్గులా దిగుతుంది. పాతది పీకి కొత్తది గుచ్చితే సరి, సోల్డరింగ్ అవసరమే లేదు. మరికొన్నిటిలో జాకును తిన్నగా బోర్డుకే సోల్డరు చేసేస్తారు. ఫ్యాక్టరీలో కాస్త వైరు, ఒక కనెక్టరు, ఒకరి చేతి పని మిగులుతాయి. దానికి మూల్యం చెల్లించేది, మూడేళ్ళ తర్వాత జాకు మార్చడానికి మదర్‌బోర్డు మొత్తం బయటికి తీయాల్సి వచ్చే మనిషి. రోజూ పెట్టి తీసే భాగం ఎప్పటికైనా అరుగుతుంది. అరుగుతుందని తెలిసిన భాగాన్ని తేలిగ్గా మార్చే చోట పెట్టడం తయారుచేసేవాడి బాధ్యతని నేను గట్టిగా నమ్ముతాను.

చేయలేనిదేమీ కాదు కూడా. 2006 జనవరిలో ఆపిల్ తన మ్యాక్‌బుక్ ప్రోతో అయస్కాంతంతో అంటుకునే ప్లగ్గు తెచ్చింది. వైరు కాలికి తగిలితే ప్లగ్గు ఊడివస్తుంది, ల్యాప్‌టాప్ కింద పడదు, జాకు విరగదు. ఎంతోమందికి నచ్చిన ఆ ఏర్పాటును 2016 మోడళ్ళలో తీసేసి, 2021లో మళ్ళీ తీసుకొచ్చారు. అదే 2021లో ఫ్రేమ్‌వర్క్ అనే కంపెనీ ఇంకో దారి చూపించింది. చార్జర్ పెట్టే సాకెట్టును చిన్న డబ్బీలో అమర్చి, ఆ డబ్బీని ల్యాప్‌టాప్ అంచులోకి తోసేలా చేసింది. సాకెట్టు అరిగితే డబ్బీ మార్చుకుంటే చాలు, ఒక్క స్క్రూ కూడా విప్పనక్కరలేదు.

టైప్-సి వచ్చాక ఈ బాధ పోతుందని చాలామంది అనుకుంటున్నారు. కొంత నిజమే. యూరోపియన్ యూనియన్ నిబంధన ప్రకారం 2024 డిసెంబరు 28 నుంచి ఫోన్లకు, 2026 ఏప్రిల్ 28 నుంచి ల్యాప్‌టాప్‌లకు టైప్-సి ద్వారా చార్జింగ్ చేసే వీలు ఉండి తీరాలి. చార్జర్ దొరకలేదన్న సమస్య తగ్గుతుంది. చాలా ల్యాప్‌టాప్‌లకు రెండు టైప్-సి రంధ్రాలు ఉంటాయి. రెండూ చార్జింగ్‌కు పనికొచ్చేవైతే ఒకటి పోయినా ఇంకోదానితో నడిపించవచ్చు. అయితే పాత గుండ్రని జాకుకు కాళ్ళు కొన్నే. టైప్-సి సాకెట్టుకు 24 కాంటాక్టులుంటాయి, వాటి కాళ్ళు వెంట్రుకంత దూరాల్లో బోర్డుకు అంటుకుని ఉంటాయి. పైగా ముందు 5 వోల్టులతో మొదలై, చార్జరూ ల్యాప్‌టాపూ మాట్లాడుకుని ఒప్పుకున్నాకే 20 వోల్టులకు వెళ్తుంది. ఆ మాటలు నడిచే కాంటాక్టు ఒక్కటి విరిగినా చార్జింగ్ రాకపోవచ్చు. దాన్ని మార్చడానికి వేడిగాలి యంత్రం, సూక్ష్మదర్శిని, ఆరితేరిన చెయ్యి కావాలి. అందుకని నేను ఇవాళ చెప్పే విప్పడం, బిగించడం గుండ్రని జాకున్న ల్యాప్‌టాప్‌ల గురించి. మన ఇళ్ళలో, కాలేజీల్లో అవి ఇంకా లెక్కలేనన్ని ఉన్నాయి.

విప్పేముందు డిస్కులో ఉన్న ఫొటోలు, సర్టిఫికెట్లు, ప్రాజెక్టు ఫైళ్ళు వేరే చోటికి కాపీ చేసుకోండి. బ్యాటరీలో చివరి కాస్త శక్తి ఉన్నప్పుడే ఈ పని చేయాలి. తర్వాత ల్యాప్‌టాప్‌ను పూర్తిగా ఆపి, చార్జర్ తీసేసి, బ్యాటరీ బయటికి వచ్చే రకమైతే దాన్ని ఊడదీయండి. బ్యాటరీ లోపలే ఉండే రకమైతే అడుగు మూత తీయగానే మొదట చేయాల్సింది బ్యాటరీ కనెక్టరు పీకడం. అది పీకకుండా ఇంకే తీగనూ ముట్టుకోకూడదు. బ్యాటరీ ఉబ్బి ఉంటే దాన్ని నొక్కకండి, ఇనుప పనిముట్టుతో ఎత్తకండి. పని అక్కడితో ఆపి తెలిసినవాళ్ళ దగ్గరికి తీసుకెళ్ళండి. బ్యాటరీ తీశాక పవర్ బటన్‌ను కొన్ని సెకన్లు నొక్కి పట్టుకుంటే లోపల మిగిలిన చార్జి దిగిపోతుంది.

స్టాటిక్ కరెంటు గురించి భయపెట్టేవాళ్ళూ ఉన్నారు, అసలు పట్టించుకోనివాళ్ళూ ఉన్నారు. మన ఒంటి మీది స్టాటిక్ మనకు చురుక్కుమని తగలాలంటే సుమారు 3000 వోల్టులు ఉండాలి. చిప్పులు దెబ్బతినడానికి అంతకంటే చాలా తక్కువ చాలు, అంటే మనకు తెలియకుండానే పాడైపోవచ్చు. పొడిగా ఉండే చలికాలంలో, సిల్కు బట్టలు కట్టుకుని, తివాచీ మీద కూర్చుని ఈ పని పెట్టుకోవద్దు. నూలు బట్టలు, చెక్క బల్ల, మధ్యమధ్యలో ఏదైనా పెద్ద లోహపు వస్తువును తాకడం, బోర్డును అంచుల దగ్గర పట్టుకోవడం మంచిది. మణికట్టుకు కట్టుకునే పట్టీ దొరికితే ఇంకా మంచిది.

ఇప్పుడు స్క్రూలు. ఈ పనంతటిలో నేను విద్యార్థులకు అన్నిటికంటే ఎక్కువ నొక్కి చెప్పేది దీని గురించే. పెద్ద తెల్ల కాగితం తీసుకోండి. ల్యాప్‌టాప్ అడుగుభాగం బొమ్మ గీయండి, అందంగా రానక్కరలేదు. ఏ స్క్రూ ఎక్కడ తీశారో బొమ్మ మీద సరిగ్గా అక్కడే టేపుతో అంటించండి. కీబోర్డు తీశాక రెండో కాగితం, బోర్డు దగ్గరికి వచ్చాక మూడోది. ఎందుకంటే స్క్రూలన్నీ ఒకేలా కనిపిస్తాయి గాని పొడవుల్లో తేడా ఉంటుంది. పొట్టి స్క్రూ ఉండాల్సిన చోట పొడుగుది బిగిస్తే అది చేతులు ఆనించే పైమూతను చీల్చుకుని బయటికొస్తుంది, లేదా బోర్డులోని తీగను తెంపుతుంది. ఫోనుతో ప్రతి దశలో ఒక ఫొటో తీసుకోండి. స్టార్ స్క్రూడ్రైవర్ మొన సరిగ్గా సరిపోవాలి. సరిపోని మొనతో తిప్పితే స్క్రూ తల అరిగి గుండ్రమైపోతుంది, ఆ తర్వాత దాన్ని తీయడం జాకు మార్చడం కంటే పెద్ద పని.

కనిపించే స్క్రూలన్నీ తీశాక కూడా మూత కదలకపోతే బలం చూపించకండి. ఇంకో స్క్రూ ఎక్కడో ఉందని అర్థం. రబ్బరు కాళ్ళ కింద, స్టిక్కరు వెనక, డీవీడీ డ్రైవు తీసిన ఖాళీలో, కీబోర్డు అడుగున వెతకండి. ఆ కంపెనీ సర్వీసు మాన్యువల్ ఉంటే వెతుకులాట తప్పుతుంది. డెల్, హెచ్‌పీ, లెనోవో కంపెనీలు చాలా మోడళ్ళకు ఆ పుస్తకాలను ఎవరైనా ఉచితంగా దింపుకునేలా ఉంచాయి. లెనోవో థింక్‌ప్యాడ్ మాన్యువళ్ళలో ఏ స్క్రూ ఎంత పొడవో, ఎంత గట్టిగా బిగించాలో కూడా రాసి ఉంటుంది. అన్ని కంపెనీలూ ఇలా లేవు. 2003లో అమెరికాలో కాలిఫోర్నియా పాలిటెక్నిక్ విద్యార్థి కైల్ వీన్స్ తన ఆపిల్ ఐబుక్ ల్యాప్‌టాప్‌ను బాగుచేసుకుందామంటే మాన్యువల్ దొరకలేదు. ఆ కష్టంలోంచే అతను, స్నేహితుడు ల్యూక్ సోల్స్ కలిసి ఐఫిక్సిట్ సంస్థ పెట్టారు. విప్పే పద్ధతిని ఫొటోలతో సహా అందరికీ ఉచితంగా చూపించడం వాళ్ళ పని. నేటికీ చాలామంది మెకానిక్‌లు చెయ్యి పెట్టేముందు ఆ సంస్థ వెబ్‌సైటులో ఒకసారి చూసుకుంటారు.

మూత అంచుల వెంట ప్లాస్టిక్ కొక్కేలు ఉంటాయి. వాటిని విడదీయడానికి వాడేసిన ఏటీఎం కార్డు చాలు. సందులో కొస దూర్చి మెల్లగా జరుపుకుంటూ పోతే టిక్కు టిక్కుమని ఒక్కోటే విడిపోతాయి. మూతను ఒక్కసారిగా పైకి లాగవద్దు. కింద కీబోర్డు, టచ్‌ప్యాడ్ పట్టీలు బోర్డుకు తగిలి ఉంటాయి. పల్చగా, కాగితంలా ఉండే ఆ పట్టీలకు సాకెట్టు దగ్గర బుల్లి లాకు ఉంటుంది. కొన్ని లాకులు తలుపులా పైకి లేస్తాయి, కొన్ని రెండు చివరలా పట్టుకుంటే ముందుకు జరుగుతాయి. లాకు తీస్తే పట్టీ ఏ బలమూ లేకుండా జారి వస్తుంది. తీయకుండా లాగితే లాకు విరుగుతుంది. వైఫై కార్డుకు నలుపు, తెలుపు తీగలుంటాయి. ఏది ఏ గుండీకి తగిలించి ఉందో ఫొటో తీసి, గోరుతో తిన్నగా పైకెత్తాలి. తెర కేబులు, ఫ్యాను కేబులు, స్పీకరు కేబులు ఒక్కోటీ తీస్తూ వస్తే చివరికి బోర్డు విడిగా చేతిలోకి వస్తుంది.

సోల్డరు చేసిన జాకును తీయడంలో అసలు ఇబ్బంది నెగటివ్ కాలు దగ్గర వస్తుంది. మదర్‌బోర్డు చూడ్డానికి ఒకే రేకులా ఉన్నా లోపల ఆరో ఎనిమిదో రాగి పొరలుంటాయి. నెగటివ్ కాలు ఆ పొరల్లో చాలా వాటికి కలిసి ఉంటుంది. ఎండిన చేను నీటిని తాగేసినట్టు ఆ రాగి అంతా ఐరన్ వేడిని తాగేస్తుంది. 25 వాట్ల ఐరన్ ఎంతసేపు ఆనించినా సోల్డరు కరగదు. కనీసం 60 వాట్ల శక్తి, వెడల్పాటి మొన ఉండాలి. ఇంకో సంగతీ ఉంది. ఐరోపాలో సీసం వాడకాన్ని అరికట్టే నిబంధన 2006 జులై 1న అమల్లోకి వచ్చాక ప్రపంచమంతటా ల్యాప్‌టాప్‌లు సీసం లేని సోల్డరుతో తయారవుతున్నాయి. అది కరగాలంటే సుమారు 217 డిగ్రీల సెల్సియస్ కావాలి. తగరం 63 పాళ్ళు, సీసం 37 పాళ్ళు ఉండే పాత సోల్డరు 183 డిగ్రీలకే కరుగుతుంది. అందుకని మెకానిక్‌లు ముందు పాత కాళ్ళ మీద, సోల్డరు బాగా పారేందుకు వాడే ఫ్లక్సును కాస్త రాసి, ఈ సీసం సోల్డరును కొంచెం కలుపుతారు. రెండూ కలిస్తే కరిగే వేడి దిగివస్తుంది. అప్పుడు కరిగిన సోల్డరును పీల్చే సక్కరుతో లాగినా, రాగి అల్లిక పట్టీకి పీల్పించినా రంధ్రాలు శుభ్రమవుతాయి.

సోల్డరు పూర్తిగా కరగకముందు జాకును పట్టి లాగడం ఎంత ప్రమాదమో చెప్పాలి. కాళ్ళు దిగే రంధ్రాల గోడలకు లోపల రాగి పూత ఉంటుంది. పొరలన్నిటినీ కలిపేది ఆ పూతే. జాకుతో పాటు పూత ఊడివచ్చిందంటే కొత్త జాకు పెట్టినా కరెంటు లోపలి పొరలకు అందదు. బోర్డు పోయిందని మెకానిక్ చెప్పే మాట చాలాసార్లు నిజమయ్యేది ఈ తొందర వల్లే. ఒక్కో కాలు విడిగా శుభ్రం చేసి, జాకు వేలితో తాకితే ఊగేదాకా ఆగాలి. సోల్డరింగ్ చేసే గది కిటికీలు తెరిచి ఉండాలి, పొగ పీల్చకూడదు. సీసం ముట్టుకున్న చేతులు సబ్బుతో కడుక్కున్నాకే అన్నం దగ్గర కూర్చోవాలి. పిల్లలున్న ఇంట్లో ఆ బల్లను కూడా తుడవాలి.

ఐరన్ పట్టడం అలవాటు లేనివాళ్ళు బోర్డు విప్పి, బోర్డు మాత్రమే మెకానిక్ దగ్గరికి తీసుకెళ్ళినా తప్పులేదు. హైదరాబాదులో కోఠి గుజరాతీ గల్లీ, సికింద్రాబాదు పార్క్ లేన్‌లోని చెనాయ్ ట్రేడ్ సెంటర్ ఈ పనికి, విడిభాగాలకు పేరున్న చోట్లు. చెన్నైలో ఉండే మనవాళ్ళకు రిచీ స్ట్రీట్, బెంగుళూరులో ఉండేవాళ్ళకు ఎస్పీ రోడ్డు ఉన్నాయి. వెళ్ళేటప్పుడు ల్యాప్‌టాప్ అడుగున ఉండే పూర్తి మోడల్ నంబరు రాసుకుని, వీలైతే పాత జాకును చేతిలో పెట్టుకుని వెళ్ళండి. ఒకే పేరుతో అమ్మిన ల్యాప్‌టాప్‌ల్లో కూడా జాకులు వేరువేరుగా ఉంటాయి. మదర్‌బోర్డు మార్చాలని ఎవరైనా అంటే, జాకు దగ్గర వోల్టేజి వస్తోందా, జాకు దాటాక బోర్డు మీదికి వస్తోందా అని మీటరు పెట్టి చూపించమని అడగండి. పని తెలిసిన మెకానిక్ సంతోషంగా చూపిస్తాడు. ఆ గల్లీల్లో చిన్న స్టూలు మీద కూర్చుని, భూతద్దం కింద రోజంతా ఈ పని చేసే కుర్రాళ్ళ నైపుణ్యం మీద నాకు చాలా గౌరవం ఉంది. వాళ్ళు లేకపోతే మన ఊళ్ళలో ఎంతోమంది విద్యార్థుల చదువు కరోనా నాటి ఆన్‌లైన్ తరగతుల రోజుల్లోనే ఆగిపోయేది.

ప్రభుత్వం కూడా ఈ వైపు కదిలింది. బాగుచేసుకునే హక్కు మీద కేంద్ర వినియోగదారుల వ్యవహారాల శాఖ 2022 జులైలో ఒక కమిటీ వేసింది. అదే ఏడాది డిసెంబరు 24న, జాతీయ వినియోగదారుల దినం నాడు, ఆ పేరుతో పోర్టల్ తెరిచింది. వ్యవసాయ పరికరాలు, ఫోన్లు, ఇతర ఎలక్ట్రానిక్ సామగ్రి, గృహోపకరణాలు, వాహనాలు దాని పరిధిలోకి వస్తాయి. విడిభాగాలు, మాన్యువళ్ళు సామాన్యుడికి అందేలా గట్టి చట్టం కూడా రావాలని నా కోరిక.

మళ్ళీ పనిలోకి వద్దాం. కొత్త జాకు పెట్టేముందు రంధ్రాల్లో అది ఏ బలమూ లేకుండా దిగుతుందో లేదో చూడండి. పూర్తిగా బోర్డుకు ఆని ఉండాలి. వాలి ఉంటే ప్లగ్గు పెట్టినప్పుడల్లా ఒత్తిడి మళ్ళీ సోల్డరు మీదే పడుతుంది. కాళ్ళు సోల్డరు చేశాక ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో ఫ్లక్సు మరకలు తుడవండి. మల్టీమీటర్‌ను బీప్ వచ్చే గుర్తు దగ్గర పెట్టి పాజిటివ్‌కూ నెగటివ్‌కూ మధ్య చూడండి. బీప్ మోగుతూనే ఉంటే ఎక్కడో రెండూ కలిసిపోయాయని అర్థం. అది సరిచేసేదాకా చార్జర్ పెట్టకూడదు. ఇక్కడిదాకా వచ్చాం కాబట్టి ఫ్యానులో, ప్రాసెసర్ వేడిని లాగేసే హీట్ సింక్ రెక్కల్లో పేరుకున్న దుమ్మును బ్రష్షుతో దులపండి. హీట్ సింక్ ఎత్తి ఉంటే దానికీ ప్రాసెసర్‌కూ మధ్య ఉండే పాత థర్మల్ పేస్టు పూర్తిగా తుడిచి కొత్తది పల్చగా వేయాలి. ఎండిన పేస్టుతోనే మళ్ళీ బిగిస్తే ప్రాసెసర్ వేడెక్కి ల్యాప్‌టాప్ దానంతటదే ఆగిపోతుంటుంది.

తీసిన వరుసకు తిరుగు వరుసలో బిగించుకుంటూ రండి. మూడో కాగితం ముందు, మొదటిది చివర. పట్టీలు లోపలిదాకా దూరాకే లాకు వేయాలి. ల్యాప్‌టాప్ లేచాక కీబోర్డు, వైఫై, శబ్దం ఒకసారి చూసుకుని, అప్పుడు అడుగు స్క్రూలన్నీ బిగించండి. చార్జర్ పెట్టి ఒక గంట బరువైన పని ఏదైనా నడిపించి ప్లగ్గును వేళ్ళతో తాకి చూడండి. గోరువెచ్చగా ఉంటే ఫర్వాలేదు. వేడిగా ఉంటే సోల్డరో, ప్లగ్గు సైజో సరిపోలేదు, మళ్ళీ చూడాల్సిందే. ఇక నుంచి ప్లగ్గు తీసేటప్పుడు వైరు పట్టి లాగకుండా ప్లగ్గు తల పట్టుకుని తిన్నగా తీయండి. అడాప్టర్ బల్ల అంచు నుంచి వేలాడకుండా బల్ల మీదే ఉంచండి, దాని బరువంతా జాకు మీద పడుతుంది. చార్జర్ పెట్టి ఉన్నంతసేపూ ల్యాప్‌టాప్‌ను ఒక గదిలోంచి ఇంకో గదిలోకి ఎత్తుకెళ్ళకండి.